140 ‘అక్షరాలు’: ఎవరి లెక్క?

సందేహం: ట్విట్టర్ తొలినాళ్లలో ఒక్కో ట్వీటుకు 140 అక్షరాలే హద్దు అని తెలుగు రాతల్లో చదివాను. తెలుగులో రాయబోతే నా లెక్కకు డెబ్బయి దగ్గరకు రాగానే చోటు అయిపోయేది. అప్పటి మరో సామాజిక మాధ్యమం ఆర్కుట్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ ఈ ఇబ్బంది నాకు తెలియలేదు. తెలుగు అక్షరాన్ని రెండుగా లెక్కించేవారా? అసలు ఇక్కడ ‘అక్షరం’ అనవచ్చా, ‘వర్ణం’ అనాలా? ట్విట్టర్ వంటి పొట్టి రాతల ‘మైక్రోబ్లాగు’ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ లెక్క సరైనదే. తెలుగు అక్షరానికి రెండు చొప్పున ఎవరూ కోత పెట్టలేదు. కంప్యూటరు లెక్కించేది అక్షరాలను కాదు, వాటి రూపాన్ని కూర్చే సంకేతాలను. రెండింటికీ ఒకే పేరు పెట్టి రాసినందువల్ల మీకీ సందేహం కలిగింది.

‘అక్షరం’ అనే మాటను పెద్దలు ఎంత శ్రద్ధగా తూచి వాడారో చూడండి. ‘న క్షరతి ఇతి అక్షరమ్’, అంటే జారిపోనిది, నశించనిది, అని అందరికీ తెలిసిన వ్యుత్పత్తి. పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యం ‘అక్షరం న క్షరం విద్యాత్’ అంటూ ఈ అర్థాన్నే ముందు చెప్పి, వెంటనే ‘అశ్నోతేర్వా సరోఽక్షరమ్’ అని వ్యాప్తిని తెలిపే ధాతువు నుంచి మరొక దారి చూపి, ఆపైన ‘వర్ణం వాహుః పూర్వసూత్రే’ అని, అంటే పూర్వుల సూత్రాల్లో వర్ణాన్నే, అంటే విడి ధ్వనినే, అక్షరమన్నారని, మూడో మాటా చేర్చింది. అంటే అక్షరానికీ వర్ణానికీ మధ్య ఈ రాకపోకలు ఆనాటికే ఉన్నాయి. అయితే వేదం పలికే తీరును వివరించే ఋగ్వేద ప్రాతిశాఖ్య వాక్యం నాకు అన్నిటికన్నా ఇష్టం: ‘సవ్యంజనః సానుస్వారః శుద్ధో వాపి స్వరోఽక్షరమ్’. హల్లుతో కూడినా, అనుస్వారంతో కూడినా, ఒంటరిగా ఉన్నా, అచ్చే అక్షరం. ఎన్ని హల్లులు వచ్చి చేరినా పలుకు నిలిచేది అచ్చు మీదనే కనుక లెక్క దానిదే. మన ఛందస్సు మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19 అని మనం చెప్పుకునేది ఈ కొలతతోనే. వత్తు మీద వత్తు పడ్డా ‘స్త్రీ’ ఒక్క అక్షరమే.

పరబ్రహ్మం, మోక్షం అనే అర్థాలు నిఘంటువుల్లో ఉన్నాయి. ‘అక్షరాలా’ అన్నప్పుడు ‘ఉన్నదున్నట్టు’ అని అర్థం. ఇవి ఇక్కడ మనకు పనికిరావు.

ఇప్పుడు ఆ ‘స్త్రీ’నే కంప్యూటరుకు అప్పగించండి. లిపుల గుర్తులకు సంకేతాలు కేటాయించే యూనికోడ్ పద్ధతిలో అది స, పొల్లు గుర్తు, త, పొల్లు గుర్తు, ర, ఈత్వం గుర్తు అని 6 సంకేతాలవుతుంది. వ్యాకరణం ప్రకారం అందులో వర్ణాలు స్, త్, ర్, ఈ అనే నాలుగే. కనుక మీరడిగిన ‘వర్ణం’ కూడా ఇక్కడ అతకదు. ‘క’లో క్, అ అని రెండు వర్ణాలుంటే యంత్రానికి అది ఒక్క సంకేతం, ‘క్’ ఒక్కటే వర్ణమైతే యంత్రానికి అది రెండు సంకేతాలు. ‘తెనుఁగునకు వర్ణములు ముప్పదియాఱు’ అని బాలవ్యాకరణంలో సూత్రించిన చిన్నయసూరి లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు.

అందరికీ నోటికి వచ్చిన సుమతీ శతక పద్యం ఒకటి తీసుకుందాం. ‘వినదగు నెవ్వరు చెప్పిన’ అనే పాదంలో అక్షరాలు 10, సంకేతాలు ఖాళీలు విడిచి 20. అరసున్నలు లేకుండా రాస్తే పద్యం మొత్తానికి 53 అక్షరాలు, 94 సంకేతాలు. పదాల మధ్య ఖాళీలు చేరినా కందం పాత ట్వీటులో సుఖంగా ఇమిడేది. 80 అక్షరాల ఉత్పలమాల మాత్రం సాధారణంగా ఇమడదు. మీకు డెబ్బయి దగ్గర చోటు అయిపోవడానికి కారణం ఇదే.

ఈ హద్దు ట్విట్టర్‌కు ఎందుకు వచ్చిందంటే, 2006లో ఆ సేవను సెల్‌ఫోన్ సంక్షిప్త సందేశాల మీద నడిచేలా కట్టారు. ఒక సందేశంలో రోమను లిపి సంకేతాలు 160 పడతాయి. అందులో 20 వాడుకరి పేరుకు విడిచి మిగిలిన 140 రాతకు ఇచ్చారు. అదే సందేశం తెలుగు లిపిలో అయితే 70 సంకేతాలకే నిండిపోతుంది. అంటే ఆ కొలత పుట్టిన చోటే తెలుగు లిపికి సగం చోటు. 2004లో వచ్చిన ఆర్కుట్, ఫేస్‌బుక్ కంప్యూటరు తెర కోసం కట్టినవి కనుక మీకు అక్కడ ఇరుకు తెలియలేదు. ఫేస్‌బుక్ స్థితివాక్యానికీ హద్దు ఉండేది. ఒక దశలో 420గా ఉన్నది 2011 నవంబరులో 63,206 అయ్యింది.

ఫిన్లాండులో పుట్టి 2007లో గూగుల్ చేతికి పోయిన జైకు అనే మైక్రోబ్లాగు సేవ నన్ను ఎక్కువగా ఆకర్షించింది. దానిలోని చిన్న రాతలు జపాను హైకూలను పోలి ఉన్నాయని స్థాపకులు ఆ పేరు పెట్టుకున్నారు. హైకూలో 5, 7, 5 అని లెక్కించేవి మన మాత్రలకు దగ్గరగా ఉండే ఉచ్చారణ కాలాలు. పేరు పలుకును కొలిచే కవితది, సేవ మాత్రం లిపి సంకేతాలను లెక్కించేది! 2009లో వచ్చిన చైనా సేవ సినా వైబో కూడా 140నే హద్దుగా పెట్టుకుంది. కానీ చైనా లిపిలో ఒక్కో గుర్తు ఒక్కో పూర్తి పలుకు కనుక వారి 140కీ మన 140కీ పోలికే లేదు. ట్విట్టర్ ఈ తేడాను ఒప్పుకుని 2017 నవంబరులో హద్దును 280కి పెంచినప్పుడు చైనా, జపాను, కొరియా భాషలకు పెంచలేదు. తెలుగుకు పెరిగింది. అది న్యాయమే.

ఇక తీర్పు. సాంకేతిక విషయం రాసేవారు ‘140 సంకేతాలు’ అని రాస్తే నాకు సంతోషం. ‘గుర్తులు’ అన్నా చాలు. ‘140 పదాలు’ అని రాసేవారు మాత్రం కొంచెం సిగ్గుపడాలి. అక్షరానికీ పదానికీ తేడా చూడకుండా కలం పట్టకూడదు. ‘క్యారెక్టర్లు’ అని దించుకునేవారికీ ఇదే మాట చెబుతాను, ఎందుకంటే తెలుగు పాఠకుడికి ఆ మాట వినగానే మనిషి నడవడో నాటకంలో పాత్రో తోస్తుంది. చోటు చాలదని దీర్ఘాలు తీసేసి, వత్తులు మింగేసి, మొత్తం రాతనే రోమను లిపిలోకి మార్చేసినవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. మాట ఇమడకపోతే మాట మార్చుకోవాలి కానీ దాని అవయవాలు తీయకూడదు. అయినా, వాడుకలో పాతుకుపోయిన ‘140 అక్షరాలు’ను నేను అపశబ్దమని కొట్టివేయను. అచ్చులూ హల్లులూ కలిపి యాభై ఆరు అక్షరాలని బడిలో చెప్పుకున్నవాళ్లమే మనం. మహాభాష్యమే చోటిచ్చిన సడలింపును కాదనేందుకు నాకు నోరు రాదు. అయితే లెక్క ముఖ్యమైన సందర్భంలో, మీ ప్రశ్న వంటి చోట, ఆ సడలింపు పనికిరాదని నా అభిప్రాయం.

‘మైక్రోబ్లాగు’కు ‘సూక్ష్మబ్లాగు’ అని కొందరంటున్నారు. సూక్ష్మం అంటే కంటికి ఆననిది, బుద్ధికి నిశితమైనది. పొట్టిది అని కాదు. ‘లఘుబ్లాగు’ నయం. ఒక్కో రాతను ‘లఘుటపా’ అనవచ్చు, ‘ట్వీటు’ అని ఉకారాంతం చేసి వాడుకున్నా తెలుగు వ్యాకరణానికి అభ్యంతరం లేదు.