"ఈ వయసులో ఇంకెందుకులే" అన్న మాటే అసలు అడ్డంకి

మీ నాన్నగారికి డెబ్భై దాటాయని, నడవమన్నా, మందులు వేళకి వేసుకోమన్నా "ఈ వయసులో ఇంకెందుకులే" అంటున్నారని రాశారు. వయసు గురించి మనసులో ఉన్న అభిప్రాయానికీ అలవాట్లకీ నిజంగా సంబంధం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. మా అమ్మ విషయంలో కళ్లారా చూశాను.

అమ్మకి 71వ ఏట మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి "వయసు కదా" అన్నారు, అంతే. ఆ మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. నడక మానేసింది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున లేచేది. ఒకరోజు బీపీ మాత్రల అట్ట తీసి చూస్తే పన్నెండు మాత్రలు అలాగే ఉన్నాయి. అడిగితే, "వేసుకుంటే మాత్రం వయసు వెనక్కెళ్తుందా?" అంది. అది బద్ధకం కాదు, మతిమరుపూ కాదు. ఫలితం ఉండదని నమ్మాక ఎవరికైనా చెయ్యాలని ఎందుకనిపిస్తుంది?

యేల్ విశ్వవిద్యాలయంలో బెకా లెవీ అనే ఆవిడ ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేశారు. అమెరికాలోని ఒహాయోలో 50 దాటిన 660 మంది వివరాలతో 2002లో వచ్చిన ఆవిడ అధ్యయనంలో, తమ వయసు మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా సుమారు 7.5 ఏళ్లు ఎక్కువ బతికారు. జబ్బుపడ్డవాళ్లకి నిరాశ సహజమే కదా అని నాకూ అనిపించింది. కానీ మొదట్లో ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. అలాంటి అభిప్రాయం ఉన్నవాళ్లే తిండి, వ్యాయామం, మందుల విషయంలో ఎక్కువ శ్రద్ధ చూపారని 2004లో మరో అధ్యయనం చెప్పింది.

ఇవన్నీ అమ్మకి చెప్పి చూశాను. పనిచెయ్యలేదు. పనిచేసింది కుర్చీ.

మరో డాక్టరుగారు తొడ కండరాలు బలహీనపడ్డాయని, అవి గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ చిన్న పరీక్ష: చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. మొదటిరోజు నాలుగు. ఇంటికొచ్చి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో అమ్మే రాసుకుంది. రోజు విడిచి రోజు సాధన. మూడు వారాలకి ఆరు. మూడో నెలలో పది. ఆ పది రాసిన రోజు పెన్సిల్ పట్టుకునే ఆ అంకె వంక చూస్తూ నిలబడిపోయింది. తర్వాతి వారం నేను గుర్తుచెయ్యకుండానే, "బీపీ మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?" అని అడిగింది.

కండకి వయసు అడ్డు కాదు. 1990లో తొంభై ఏళ్ల వయసు వాళ్లతో ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే కాళ్ల బలం రెట్టింపు దాటింది.

ఇందులో నా తప్పూ ఉంది. "నువ్వు కూర్చోమ్మా, నేను చేస్తా" అని ప్రతి పనీ చేతిలోంచి లాగేసుకున్నాను. ప్రేమతోనే. అమ్మకి మాత్రం అది "నీ వల్ల కాదు" అని వినిపించింది. ఇప్పుడు అడిగితేనే చెయ్యి వేస్తున్నాను.

మీ నాన్నగారికి గుండె జబ్బు, తల తిరగడం లాంటివి ఉంటే ముందు డాక్టరుని అడగండి. మొదట్లో కుర్చీ గోడకి ఆనించి, మీరు పక్కనే ఉండండి. అంకె మాత్రం ఆయన చేతే రాయించండి.