రెండో గీత గీశావా, తల్లీ?

తల్లీ,

నువ్వు ఎంబీయే సీటు కోసం జీమ్యాట్ పరీక్ష రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ వెంటనే డేటా సఫిషియెన్సీ గుర్తొచ్చి గుండె గుభేలుమంది. ఒక ప్రశ్న, రెండు స్టేట్‌మెంట్లు ఇచ్చి, జవాబు తేల్చడానికి అవి చాలతాయో లేదో చెప్పమనే లెక్కలవి. 45 నిమిషాల్లో 20 ప్రశ్నలుండే డేటా ఇన్‌సైట్స్ అనే విభాగంలో అవీ వస్తాయి. నీకు లెక్కలు బాగా వచ్చు, తొందరా ఎక్కువే. నా భయమంతా ఆ తొందర గురించే.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. మొదటి స్టేట్‌మెంట్‌ని పూర్తిగా మరిచిపోయి రెండోది చూడు. విడివిడిగా చాలకపోతేనే రెండూ కలుపు. అవునా కాదా అని అడిగినప్పుడు ప్రతిసారీ 'కాదు' అనే జవాబే వస్తుంటే అదీ సరిపోయినట్టే.

ఇక నేను చేసిన తప్పు విను. సంఖ్యారేఖ మీద ఏ, బీ, సీ అని మూడు బిందువులు. ఏ నుంచి బీకి దూరం 7. ఏ నుంచి సీకి ఎంత? మొదటి స్టేట్‌మెంట్: బీ నుంచి సీకి దూరం 4. రెండోది: సీ, ఏకి కుడివైపు ఉంది.

నేను గీత గీసి ఎడమ నుంచి కుడికి ఏ, బీ, సీ అని పెట్టేశాను. అక్షరాల వరస చేతికి అంత అలవాటు. 7, 4 కలిపితే 11. రెండో స్టేట్‌మెంట్ చదవగానే నా బొమ్మకు సాక్ష్యం దొరికినట్టయింది. రెండూ కలిస్తే చాలని గుర్తు పెట్టేశాను. ఇంటికొచ్చి, టెన్షన్ తగ్గాక మళ్ళీ గీస్తే తెలిసింది. ఏ 0 దగ్గర, బీ 7 దగ్గర ఉంటే సీ 11 దగ్గర ఉండొచ్చు, వెనక్కొచ్చి 3 దగ్గరా ఉండొచ్చు. 3 కూడా 0కి కుడివైపే కదా! రెండూ కలిసినా చాలవు. ఆ రాత్రి అన్నం సహించలేదు. లెక్క రాకపోయుంటే అంత బాధ ఉండేది కాదు.

దూరం ఎంతో చెబుతుంది గానీ ఎటువైపో చెప్పదు. ఆ మాట కనబడగానే రెండువైపులా వెళ్ళి చూడు. ఏ, సీల మధ్య బీ ఉందని చెప్పి ఉంటేనే 11 ఖాయం.

మొన్న నువ్వు పంపిన కాగితాల్లో ప్రతి లెక్కకీ ఒక్క గీతే ఉంది! ఇలాగేనా చేసేది? కోప్పడ్డాననుకోకు. పలక మీద ఒక్క అంకె వంకరపోయినా అంతా చెరిపి మళ్ళీ రాసిన పిల్లవి నువ్వు. ఆ ఓపిక నాకింకా కళ్ళముందే ఉంది.

ఈసారి కాగితాల్లో రెండో గీత కూడా కనిపించాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో పక్కన రాయి. రాత్రి కూర్చుని అన్నీ చూస్తాను.

నీ పెద్దమ్మ