రష్యన్ల ఇంటికి అతిథులుగా వెళ్తే

ప్రశ్న: మా అబ్బాయి కజాన్‌లో వైద్యవిద్య చదువుతున్నాడు. జనవరిలో మేమిద్దరం మొదటిసారి అక్కడికి వెళ్తున్నాం. వాడి రష్యన్ స్నేహితుడి తల్లిదండ్రులు మమ్మల్ని భోజనానికి పిలిచారు. నేను మాంసం ముట్టను. ఏం తీసుకెళ్లాలి, ఎలా మసలుకోవాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, వీధిలో ముక్కూమొహం తెలియనివారిని చూసి నవ్వని రష్యన్లు, గడప దాటి లోపలికి వచ్చిన అతిథికి మాత్రం కడుపు నిండినా వడ్డిస్తూనే ఉంటారు, ఈ విషయంలో మన నెల్లూరు అత్తగార్లకేమీ తీసిపోరు. గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడి కరచాలనం చేయడం అశుభమని చాలామంది నమ్ముతారు కనుక, లోపలికి వెళ్లి, చెప్పులు విడిచి, వారిచ్చే ఇంటి చెప్పులు వేసుకున్నాకే మీవారిని చేయి కలపమనండి. సరిసంఖ్యలో పూలు అంత్యక్రియలకే ఇస్తారు. గుత్తిలో మూడో, అయిదో ఉండేలా చూసుకోండి. పాలమిఠాయిలకు కస్టమ్స్ వద్ద చిక్కులు రావచ్చు కాబట్టి మలైకాజాకు బదులు ఉదయగిరి చెక్క గరిటెలు తీసుకెళ్లండి; రంగుల చెక్క చెంచాలు వారి జానపద కళలోనూ ఉన్నాయి కాబట్టి ముచ్చటపడతారు.

మాంసం సంగతి మీ అబ్బాయితో ముందే చెప్పించండి. బీట్‌రూట్ సూప్ బోర్ష్‌ను తరచుగా మాంసం ఉడికించిన నీటితోనే కాస్తారు, ఒలివియే సలాడ్‌లో సాసేజ్ ముక్కలు కలుపుతారు. బంగాళాదుంపలు, ఊరగాయ దోసకాయలు, మీగడతో తినే పల్చటి అట్లు మీకు సరిపోతాయి, అయితే అట్లలో గుడ్డు ఉంటుంది. వోద్కా వద్దనుకుంటే పండ్లరసం గ్లాసు ఎత్తినా తప్పుపట్టరు.

మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయడం లేదు. నగదు దగ్గర ఉంచుకోండి.