టెక్ సందేహాలు: పవర్ మీటర్ కొనేముందు క్రాంక్ వైపు ఒకసారి వంగి చూడండి

ప్రశ్న: సార్, మాది హైదరాబాద్. పొద్దున్నే ఓఆర్ఆర్ పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కుతుంటా. హార్ట్ రేట్ బెల్ట్, జీపీఎస్ కంప్యూటర్ ఉన్నాయి. ఇప్పుడు పవర్ మీటర్ (ఎంత పవర్‌తో తొక్కుతున్నామో వాట్లలో కొలిచేది) కొందామని ఉంది, 35 వేలు దాటకూడదు. ఒకవైపే కొలిచేది కొంటే డబ్బు దండగ అని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?

దండగేం కాదండి. మీ ఫ్రెండ్స్ చెప్పేదాంట్లో పాయింట్ ఉంది గానీ అది మీకు అంత అడ్డం రాదు. ఒకవైపు మీటర్ ఎడమ కాలు బలాన్ని కొలిచి, దాన్ని రెండుతో గుణించి చూపిస్తుంది, అంతే. మీరు నిజంగా 200 వాట్లు తొక్కుతున్నారు, అందులో ఎడమ కాలిది 48 శాతమే అనుకోండి, అంటే 96 వాట్లు, స్క్రీన్ మీద 192 కనిపిస్తుంది. ఆ 8 వాట్లు పోయాయని బాధ అక్కర్లేదు, ఎందుకంటే మీ ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగల పవర్) టెస్ట్ కూడా అదే మీటర్ మీద చేస్తారు, జోన్లు (తేలిక నుంచి కష్టం దాకా ట్రైనింగ్ మెట్లు) కూడా దాన్నుంచే వస్తాయి, కాబట్టి ట్రైనింగ్‌కి లెక్క సరిపోతుంది. అలసిపోయాక ఏ కాలు ఎంత తొక్కుతోందన్నది కొంచెం మారొచ్చు, అది నిజమే. మోకాలికి దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లకైతే మాత్రం రెండువైపులా కొలిచేదే తీసుకోమంటాను.

అసలు గొడవ అది కాదు, మీ సైకిల్‌కి ఏది పడుతుందన్నది. సైకిల్ పక్కన కూర్చుని ఎడమ క్రాంక్ (పెడల్‌ని ఇరుసుకి కలిపే ఆర్మ్) చూడండి. ఇరుసు దగ్గర రెండు చిన్న బోల్టులు పక్కపక్కనే కనిపిస్తే అది దాదాపుగా షిమానో హాలోటెక్ రకం, ఇక హ్యాపీ, ఫోర్‌ఐఐఐఐ లాంటివాళ్లు మీటర్ అంటించి అమ్మే ఎడమ క్రాంక్ ఆర్మ్ ఒక్కటి మార్చుకుంటే పనైపోతుంది, మామూలుగా చవకలో వచ్చే దారి కూడా ఇదే. మధ్యలో ఒకటే బోల్టు ఉండి లోపల ఇరుసు చతురస్రంగా ఉంటే, చాలా హైబ్రిడ్ సైకిళ్లకి అదే ఉంటుంది, ఆ ఆర్మ్ పట్టదు. ఇంకో రెండు చూడాలి. ఒకటి, ఆర్మ్ వెనక పెడల్ దగ్గర 170 అనో 172.5 అనో (మిల్లీమీటర్లలో దాని పొడవు) చెక్కి ఉంటుంది, కొత్తది కూడా అదే సైజు కావాలి. రెండోది, క్రాంక్‌కి, ఫ్రేమ్ వెనక గొట్టానికి మధ్య సందు. మీటర్ డబ్బా ఆర్మ్ లోపలివైపు ఉంటుంది కదా, దానికి సుమారు సెంటీమీటర్ జాగా లేకపోతే ప్రతి చుట్టుకీ గీసుకుంటుంది.

క్రాంక్ పట్టనివాళ్లకీ, ఇంట్లో రెండు సైకిళ్లు ఉన్నవాళ్లకీ పెడల్ మీటర్ బెస్ట్, రెంచ్‌తో విప్పి ఇంకోదానికి బిగించుకోవచ్చు (ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది, మర్చిపోయి బలంగా తిప్పారంటే క్రాంకే పోతుంది). ఫావెరో అస్సియోమా ఊనోలో సెన్సర్ ఎడమ పెడల్‌లోనే ఉంటుంది, ఛార్జింగ్ పెట్టుకునే రకం, తర్వాత డబ్బులున్నప్పుడు కుడిది కూడా సెన్సర్ ఉన్నది కొనుక్కుని రెండువైపులది చేసుకోవచ్చు. కాకపోతే లుక్ కియో రకం క్లీట్లు (షూ అడుగున బిగించి పెడల్‌లోకి ఇరికించేవి), వాటికి తగ్గ షూస్ కావాలి, మీ దగ్గర లేకపోతే ఆ ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి. మీటర్ యాప్‌లో క్రాంక్ పొడవు కరెక్ట్‌గా పెట్టండి, 170 ఉన్నదానికి 175 పెడితే 200 వాట్లు కాస్తా 206 అవుతుంది, ఊరికే మురిసిపోతాం. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ, వారంటీకి మళ్లీ పార్సిల్ పంపే ఖర్చు, ఇవన్నీ కలిపాకే చవకో కాదో తేల్చుకోండి. మీ కంప్యూటర్ స్పెక్స్‌లో పవర్ మీటర్ సపోర్ట్ ఉందో లేదో కూడా చూసుకోండి, బాగా చవకవాటిలో కొన్ని స్పీడ్, కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు), హార్ట్ రేట్ దగ్గరే ఆగిపోతాయి.

కొన్నాక మొదటి పని ఎఫ్‌టీపీ కోసం 20 నిమిషాలు వీలైనంత గట్టిగా తొక్కే టెస్ట్. సగటు 210 వచ్చిందంటే అందులో 95 శాతం, దగ్గర దగ్గర 200, అది మీ ఎఫ్‌టీపీ. జోన్ 2 దానిలో 56 నుంచి 75 శాతం, అంటే 112 నుంచి 150 వాట్లు. ఈ టెస్ట్ చేసే ఓపిక లేకపోతే మీటర్ కొనకండి, హార్ట్ రేట్ బెల్టే చాలు.

ప్రశ్న: స్ట్రావాలో (రైడ్లు రికార్డు చేసే యాప్) నాకు పవర్ ఫ్రీగానే కనిపిస్తోంది కదా, మళ్లీ మీటర్ ఎందుకు?

అది కొలిచింది కాదు, మీ స్పీడ్, బరువు, ఎత్తుపల్లాలు చూసి వేసిన అంచనా. పెద్ద ఎక్కుడు మీద కాస్త నమ్మొచ్చు. ఫ్లాట్ రోడ్డు మీద ఎదురుగాలి వచ్చినా, గ్రూప్‌లో ఇంకొకరి వెనకాల దాక్కుని తొక్కినా లెక్క ఎటో పోతుంది.

ప్రశ్న: ఇంట్లో స్మార్ట్ ట్రైనర్ (సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే మెషిన్) 200 అంటే పెడల్ మీటర్ 192 అంటోంది. ఏది నమ్మాలి?

ఏదో ఒకటే నమ్మండి, నేనైతే బయట వాడేదాన్నే ఇంట్లో కూడా వాడతా. జ్విఫ్ట్‌లో (ట్రైనర్ మీద తొక్కేటప్పుడు వాడే యాప్) పవర్ సోర్స్ దగ్గర ట్రైనర్ బదులు పెడల్ మీటర్ సెలెక్ట్ చేసుకోవచ్చు. అంతకుముందు ఒకసారి జీరో ఆఫ్‌సెట్ (బలం పడనప్పుడు మీటర్ సున్నా చూపేలా సరిచేయడం) చేయండి, ఏసీ గదిలోంచి సైకిల్ బయటికి తెచ్చిన వెంటనే కాదు, పది నిమిషాలాగి బయటి వేడికి అలవాటు పడ్డాక.