విటమిన్ డి గుళికలతోనే పెద్దవారి ఎముకల సాంద్రత పెరుగుతుందా?

మీ అమ్మగారికి డెబ్బై రెండేళ్లనీ, రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 13 నానోగ్రాములే ఉందనీ, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో తుంటి దగ్గర టి-స్కోరు (ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చిన అంకె) మైనస్ 2.7 వచ్చిందనీ రాశారు. వారానికొకటి చొప్పున డాక్టరు రాసిన 60,000 యూనిట్ల గుళికలు అయిపోయేసరికి ఎముకలు గట్టిపడతాయా, లేక ఇంకొన్నాళ్లు అవే కొనసాగించాలా అన్నది మీ ప్రశ్న. అనంతపురంలో మా అమ్మకు ఈ రెండు సమస్యలూ ఒకేసారి బయటపడ్డాయి కనుక, అప్పుడు డాక్టర్ల దగ్గర తెలుసుకున్నదీ, ఆ తర్వాత చదివి సరిచూసుకున్నదీ చెబుతాను. విటమిన్ డి లోటును తప్పకుండా పూడ్చాలి. అయితే లోటు పూడినంత మాత్రాన గుల్లబారిన ఎముక తిరిగి నిండదు. పూడిన తర్వాత కూడా మోతాదు పెంచుకుంటూ పోతే మేలు జరగకపోగా కీడు జరిగే అవకాశం ఉంది.

విటమిన్ డి బాగా తగ్గినప్పుడు పేగులు ఆహారంలోని కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు. రక్తంలో కాల్షియం పడిపోకుండా పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును పెంచి, ఎముకల నుంచే దాన్ని లాగుతాయి. ఈ స్థితి ఏళ్ల తరబడి తీవ్రంగా ఉంటే కొత్తగా ఏర్పడే ఎముకకు ఖనిజం అందక అది మెత్తబడుతుంది. తొడల్లో నొప్పి, కింద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేకపోవడం దీని లక్షణాలు. మా అమ్మకు ఈ రెండూ ఉండేవి. గుళికలు మొదలుపెట్టిన కొన్ని నెలల్లో చాలావరకు తగ్గాయి. ఎముక గుల్లబారడం (ఆస్టియోపొరోసిస్) వేరు. స్త్రీలలో నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ తగ్గిన తర్వాత, ఎముక ఏర్పడే వేగం కన్నా కరిగే వేగం ఎక్కువై, ఏళ్లు గడిచేకొద్దీ లోపలి అల్లిక పలచబడుతుంది. టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఈ జబ్బు ఉన్నట్టు లెక్క.

పరిశోధనల ఫలితాలు ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించడానికి లోటు వల్ల కలిగే నష్టమూ, గుల్లబారడమూ వేరు కావడమే ముఖ్య కారణమని నా అభిప్రాయం. 1992లో ఫ్రాన్స్ వృద్ధాశ్రమాల్లోని మూడు వేలకు పైగా స్త్రీలపై ప్రచురితమైన అధ్యయనంలో, రోజుకు 800 యూనిట్ల విటమిన్ డి, 1,200 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకున్నవారిలో తుంటి ఎముక విరగడం బాగా తగ్గింది. వారిలో చాలామంది నాలుగు గోడల మధ్యే గడిపేవారు, లోటు ఉన్నవారు. అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ అధ్యయనంలో రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్లకు పైగా ఇచ్చినా ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. వారిలో అత్యధికులకు మొదటి నుంచీ లోటు లేదు. నెలకొక 60,000 యూనిట్ల గుళిక అంటే సగటున రోజుకు అదే 2,000 యూనిట్లు. ఆ ఒక్క గుళిక వేసుకుంటే ఎముకలకు ఇక భయం లేదనుకునే పెద్దలు మా వీధిలోనే ఎందరో ఉన్నారు, అందుకే ఈ లెక్క చెబుతున్నాను. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ పెరిగాయి. కెనడాలో మూడేళ్లపాటు రోజుకు 10,000 యూనిట్లు తీసుకున్నవారి మణికట్టు ఎముక సాంద్రత, 400 యూనిట్లు తీసుకున్నవారి కన్నా తగ్గింది.

మా అమ్మకు విటమిన్ డి, కాల్షియం రెండూ సరైన స్థాయికి వచ్చాకే డాక్టరు గుల్లబారడానికి మందుగా, ఎముక కరగడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ ఏడాదికోసారి ఇవ్వడం మొదలుపెట్టారు. లోటు పూడకముందే దాన్ని ఇస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల పనితీరు కూడా ముందుగా చూడాలి. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర మరొక మార్గం. దాన్ని పరగడుపున మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి.

అనంతపురం ఎండల్లో ఉంటూ విటమిన్ డి తగ్గడమేమిటని అందరూ అడుగుతారు. తిరుపతి వైద్య పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనాల్లో మన ప్రాంతపు పల్లెల్లోనూ ఈ లోటు విరివిగా కనిపించింది. ఆహారంలో కాల్షియం తక్కువ, అది ఒంటబట్టకుండా అడ్డగించే, ధాన్యాల్లో ఉండే ఫైటేట్లు ఎక్కువ అని కూడా వారు గుర్తించారు. పైగా విటమిన్ డి తయారుకావడానికి కావలసిన కిరణాలు ఉదయపు నీరెండలో చాలా తక్కువ, ముసలి చర్మానికి దాన్ని తయారుచేసే శక్తీ తగ్గుతుంది. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది కనుక సంగటి మానవద్దు. మొలకెత్తించిన రాగుల పిండి గానీ, పులిసిన అంబలి గానీ అయితే ఫైటేట్లు తగ్గి మరింత ఒంటబడుతుంది. దానితోపాటు పాలు, పెరుగు, పప్పు తగినంత ఉండాలి.

మన జిల్లాల వారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. అమ్మ చాలా ఏళ్లు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీళ్లు తాగింది. ఆమె డెక్సా నివేదికలో వెన్నుపూసల సాంద్రత దాదాపు మామూలుగా ఉండి, తుంటి దగ్గర మాత్రం బాగా తక్కువ వచ్చింది. ఫ్లోరైడ్ పేరుకున్న వెన్నుపూస పరీక్షలో చిక్కగా కనిపించినా బలంగా ఉండదనీ, వయసుతో వచ్చే అరుగుదల కూడా ఆ అంకెను ఎక్కువ చేసి చూపుతుందనీ, అందువల్ల తుంటి అంకెనే నమ్ముతామనీ డాక్టరు వివరించారు. మీరు కూడా అమ్మగారు ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో డాక్టరుకు తప్పక చెప్పండి. ఉచిత శిబిరాల్లో మడమ మీద చేసే పరీక్ష డెక్సాకు బదులు కాదు.

వారానికొకటి అని రాసిన గుళికను రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మతిమరుపు వంటి తికమక, చివరకు మూత్రపిండాల నష్టం దాకా వెళ్లవచ్చు. అందువల్ల రాసిన వారాలు పూర్తికాగానే ఆపి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. రక్తంలో డి, కాల్షియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంతున్నాయో చూపించి, తుంటి స్కోరుకు వేరే మందు ఎప్పుడు మొదలుపెడతారో అడగండి.