టమాట పచ్చడిలో సోడియం బెంజోయేట్ ఎంత వేయాలన్న ప్రశ్నకు సమాధానం

అక్కా, నకిరేకల్‌లో మీ సంఘం వాళ్లు 10 కిలోల పచ్చడికి రెండు చెంచాల సోడియం బెంజోయేట్ (పచ్చడి చెడిపోకుండా కలిపే పొడి) వేస్తున్నారని, అయినా బూజు వస్తోందని రాశారు కదా, ముందు ఆ చెంచా పక్కన పెట్టండి. పచ్చళ్లలో బెంజోయిక్ ఆమ్లం (బెంజోయేట్‌లో పనిచేసే భాగం) లెక్కన కిలోకు 250 మిల్లీగ్రాములు దాటొద్దని రూల్, అంటే 10 కిలోలకు 2.5 గ్రాములే, నిండు చెంచా ఒకటి వేసినా లెక్క దాటిపోతుంది. గ్రాముల్లో పదో వంతు కూడా చూపించే చిన్న కాటా కొనండి. ఫుడ్ గ్రేడ్ అని రాసిన ప్యాకెట్టే తీసుకోండి, విడిగా అమ్మే పొడి వద్దు. కొంచెం వేడి నీళ్లలో కరిగించి, పొయ్యి మీద ఉన్నప్పుడే కలిపి, ఆ నీళ్లు ఇగిరేదాకా ఉంచండి.

ఇంకో మాట, ఇది పులుపు ఉన్నచోటే పనిచేస్తుంది. టమాట, చింతపండు, గోంగూర అయితే ఓకే, కాకరకాయ లాంటిదైతే నిమ్మరసమో వెనిగరో సరిపడా పడాలి, లేకుంటే ఎంత పోసినా దండగే. నాకైతే మీ బూజుకు కారణం తడి సీసాలు, పైన నూనె తేలకపోవడమే అనిపిస్తోంది (మా ఇంట్లో ఒక ఏడాది జాడీ మొత్తం పారబోశాం, మూత తడిగా ఉందని ఎవరూ చూడలేదు).

రంగు కోసం ఏ పొడీ కలపకండి, మంచి మిరపకారం చాలు. లేబుల్ మీద ప్రిజర్వేటివ్ అని, ఐఎన్ఎస్ 211 (సోడియం బెంజోయేట్‌కు ఉన్న కోడ్ నంబరు) అని తప్పకుండా వేయించండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ లేకపోతే వాళ్ల ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోండి, మీసేవ దాకా పోవాల్సిన పని లేదు, ఫోన్‌లోనే అవుతుంది.