బంగారం ధర పెరుగుతుంటే నా గని షేరు ఎందుకు పడుతోంది? ఇంకా కొనమంటారా?

ప్రశ్న: ఏడాది కిందట బంగారం కోసం అన్వేషణ చేసే ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. నా పొదుపులో పదో వంతు దాంట్లో పెట్టాను. ఇప్పుడు ధర సగానికి పడిపోయింది, బంగారం మాత్రం పెరుగుతూనే ఉంది. ఈమధ్యే '20 మీటర్ల మేర టన్నుకు సగటున 5 గ్రాముల బంగారం తగిలింది' అని కంపెనీ ప్రకటించింది. ఇప్పుడు ఇంకొన్ని కొంటే సగటు ధర తగ్గుతుందని నా స్నేహితుడు అంటున్నాడు. అమ్మాయి కాలేజీ చదువుకని దాచిన డబ్బు ఉంది, అది మూడేళ్ల తర్వాత కావాలి. అందులోంచి పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. అమ్మాయి చదువు డబ్బు ముట్టుకోకండి. మిగతాదంతా ఎందుకో వివరంగా చెప్తాను కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం అటూ ఇటూ ఆలోచించాల్సిన పని లేదు. ఖనిజం కనిపెట్టిన రోజు నుంచి గని నడిచే రోజు దాకా పది, పదిహేనేళ్లు పట్టడం ఈ రంగంలో మామూలే, అసలు గని దాకా రానివే ఎక్కువ. మూడేళ్లలో కచ్చితంగా కావాల్సిన డబ్బుకి ఇది చోటు కాదు.

ఇక మీ అసలు సందేహం, బంగారం పెరుగుతుంటే బంగారం కంపెనీ ఎందుకు పడుతోందని. మీ కంపెనీ దగ్గర అమ్ముకోడానికి బంగారం లేదు. అది ఇంకా వెతుకుతోంది. దానికి అమ్మకాలు లేవు, ఆదాయం లేదు, డ్రిల్లింగ్ ఖర్చు, జియాలజిస్టుల జీతాలు, ఆఫీసు అద్దె, ఎక్స్ఛేంజీ ఫీజు అన్నీ కొత్త షేర్లు అమ్మిన డబ్బుతోనే గడవాలి. అంటే ఇప్పటికి అది అమ్ముతున్న సరుకు షేర్లే. ఒక లెక్క చూడండి. కంపెనీకి 10 కోట్ల షేర్లున్నాయి, మీ దగ్గర లక్ష ఉన్నాయి అనుకుందాం, మీ వాటా 0.1 శాతం. డబ్బు అయిపోయి 5 కోట్ల కొత్త షేర్లు అమ్మింది, కొనేవాళ్లని ఆకర్షించడానికి రెండు షేర్లకి ఒక వారంట్ (ముందే రాసుకున్న ధరకి తర్వాత ఒక షేరు కొనుక్కునే హక్కు) కలిపి ఇచ్చింది, అంటే ఇంకో రెండున్నర కోట్ల షేర్లు ఎప్పుడైనా పుట్టొచ్చు. మొత్తం పదిహేడున్నర కోట్లు. నేలలో ఉన్నది అదే, మీ చేతిలో ఉన్నదీ అదే లక్ష షేర్లు, కానీ మీ వాటా 0.057 శాతానికి దిగింది. తెచ్చిన డబ్బుతో గట్టి ఫలితం వస్తే ఈ తరుగు పూడుతుంది, రాకపోతే మళ్లీ ఇంకో విడత షేర్లు, ఈసారి ఇంకా తక్కువ ధరకి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మీ కంపెనీ కెనడాదైతే, ఇలా ప్రైవేట్‌గా, అంటే కొద్దిమందికి నేరుగా అమ్మిన కొత్త షేర్లని మామూలుగా నాలుగు నెలల పాటు మార్కెట్లో అమ్మకూడదు. గడువు తీరగానే చాలామంది షేర్లు అమ్మేసి పెట్టిన డబ్బు వెనక్కి తీసుకుని, వారంట్లు మాత్రం దగ్గర పెట్టుకుంటారు. కంపెనీ నుంచి చెడ్డ వార్త ఏదీ లేకుండానే ధర జారిపోతుంటే, ముందుగా కిందటి షేర్ల అమ్మకం ఎప్పుడు జరిగిందో తేదీ చూడండి.

అందుకే నేను రాళ్ల సంగతి తర్వాత చూస్తాను, మొదట బ్యాంకులో ఎంతుందో చూస్తాను. ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజీలో ఉన్న అన్వేషణ కంపెనీ అయితే మూడు నెలలకోసారి నగదు లెక్క ఇవ్వాల్సిందే, ఆ డబ్బు ఇంకా ఎన్ని త్రైమాసికాలు వస్తుందో కూడా అందులోనే రాయాలి. రెండు త్రైమాసికాల లోపే ఉంటే డబ్బు ఎలా తెస్తారో కంపెనీ అక్కడే జవాబు చెప్పాలి. కెనడా కంపెనీ అయితే సెడార్ ప్లస్ సైట్లో ఆర్థిక నివేదికలు ఉచితంగా దొరుకుతాయి, ఉన్న నగదుని మూడు నెలల ఖర్చుతో భాగించే లెక్క మీరే చేసుకోవాలి. దాంతోపాటు ఖర్చులో ఎంత నేలలోకి పోయింది, ఎంత జీతాలకీ ప్రచారానికీ ప్రయాణాలకీ పోయిందో చూడండి. డ్రిల్లింగ్ కంటే ఆఫీసుకే ఎక్కువ ఖర్చు పెడుతున్న కంపెనీని ఏ ధరకైనా సరే నేను వదిలేయమనే చెప్తాను.

ఇప్పుడు ఆ 20 మీటర్ల సంగతి. ప్రకటన మళ్లీ తెరవండి, ఆ వాక్యం కిందే 'ఇందులో 1 మీటరు 90 గ్రాములు' లాంటి ముక్క ఉందేమో వెతకండి. 20 మీటర్లు, సగటు 5 గ్రాములు అంటే మొత్తం 100. అందులో ఒక్క మీటరే 90 తీసేసుకుంటే మిగతా 19 మీటర్లకి మిగిలింది 10, అంటే టన్నుకి సగటున అర గ్రాము పైచిలుకు. సన్నటి గొప్ప పొరని పలచటి రాయంతా పరిచి చూపిస్తే సగటు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అబద్ధమూ కాదు. కానీ తవ్వాల్సి వచ్చినప్పుడు అది వేరే గని. ఆ తర్వాత 'నిజమైన మందం' ఎంతో చూడండి, డ్రిల్ ఏటవాలుగా పొర వెంట దిగితే 20 మీటర్ల కోర్ (డ్రిల్ బయటికి తీసే రాతి కడ్డీ) వెనక అసలు పొర ఐదారు మీటర్లే ఉండొచ్చు. ఇక ఎన్ని రంధ్రాలు వేశారు, ఎన్నిటి ఫలితాలు బయటపెట్టారు? పది వేసి రెండింటి గురించే మాట్లాడుతుంటే మిగతా ఎనిమిది ఏమయ్యాయని కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి. షేర్‌హోల్డరుగా అది మీ హక్కు.

ఒకవేళ కంపెనీ 'ఇన్ని లక్షల ఔన్సులు' అని చెప్తుంటే, ఆ ఔన్సులు ఏ తరగతివో చూడాలి. నమ్మకం ఎక్కువ నుంచి తక్కువకి మెజర్డ్, ఇండికేటెడ్, ఇన్ఫర్డ్ అని మూడు తరగతులు. ఇన్ఫర్డ్ అంటే అక్కడక్కడా వేసిన రంధ్రాలని బట్టి కట్టిన అంచనా, దాన్ని రిజర్వ్ కింద, అంటే లాభంగా తవ్వి తీయొచ్చని తేలిన ఖనిజం కింద లెక్కేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఈ లెక్కలు ఎలా ప్రకటించాలో చెప్పే నిబంధనల్లో ఆస్ట్రేలియాలో జోర్క్ కోడ్ 1989లోనే వచ్చింది, కెనడాలో 43-101 నిబంధన 2001లో వచ్చింది. కెనడా నిబంధన వెనక బ్రీ-ఎక్స్ అనే కంపెనీ మోసం ఉంది. కాల్గరీకి చెందిన ఆ చిన్న కంపెనీ ఇండోనేషియాలోని బుసాంగ్‌లో కోట్ల ఔన్సుల బంగారం ఉందని చెప్పింది, ఒక దశలో దాని విలువ 600 కోట్ల కెనడా డాలర్ల దాకా పోయింది, పెద్ద పెద్ద పెన్షన్ ఫండ్లు కూడా కొన్నాయి. 1997లో ఫ్రీపోర్ట్-మెక్‌మోరాన్ అనే పెద్ద గనుల కంపెనీ తన సొంత డ్రిల్లింగ్ చేసి చూస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు, నమూనాల్లో బయటి నుంచి బంగారం కలిపారని తర్వాత తేలింది. మామూలుగా డ్రిల్ కోర్‌ని నిలువుగా రెండుగా కోసి, సగం ల్యాబ్‌కి పంపి, సగం పెట్టెలో భద్రంగా ఉంచుతారు, రేపు ఎవరైనా వచ్చి సరిచూసుకోడానికి. బ్రీ-ఎక్స్ మొత్తం కోర్‌ని పొడి చేసేసింది, సరిచూసుకోడానికి ఏమీ మిగల్లేదు. అది అందరికీ కనిపిస్తున్న విషయమే, షేరు పెరుగుతున్నంత కాలం పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు నిబంధనలు గట్టిగానే ఉన్నాయి, మోసం అరుదు. మీ డబ్బుకి మోసం కంటే పెద్ద ప్రమాదం, నిజాయితీగా వెతికినా ఏమీ దొరక్కపోవడం.

దొరికినా సరే, తర్వాత ఒక పొడుగాటి ఎండాకాలం ఉంటుంది. గనుల్లో పెట్టుబడి పెట్టే ఫ్రాంకో-నెవాడా కంపెనీ స్థాపకుల్లో ఒకరైన పియర్ లాసాండ్ గీసిన వక్రరేఖ ఈ రంగంలో అందరికీ తెలుసు. ఖనిజం దొరికిందన్న వార్తకి షేరు ఎగురుతుంది, ఆ తర్వాత అధ్యయనాలు, అనుమతులు, నిధుల వేట నడిచే ఏళ్లలో మెల్లగా జారుతుంది, గని కట్టి ఉత్పత్తి దగ్గరపడ్డాక మళ్లీ లేస్తుంది. చిన్న మదుపర్లలో చాలామంది మొదటి ఎగురుడులో కొని, జారేటప్పుడు సగటు తగ్గించుకుంటూ పోయి, లేచే ముందు విసిగిపోయి అమ్మేస్తారు.

గని నడుస్తోందంటే గండం గడిచిందనీ కాదు. కెనడాలోని యూకాన్‌లో విక్టోరియా గోల్డ్ అనే కంపెనీకి ఈగిల్ అనే ఒకే గని ఉండేది, బంగారం తీస్తోంది, అమ్ముతోంది. 2024 జూన్‌లో అక్కడి హీప్ లీచ్ కట్ట (ఖనిజాన్ని గుట్టగా పోసి రసాయన ద్రావణంతో బంగారం తీసే చోటు) జారింది, ఆగస్టులో కోర్టు కంపెనీని రిసీవర్ చేతిలో, అంటే దాని ఆస్తులు చూసుకోడానికి తను నియమించినవాళ్ల చేతిలో పెట్టింది. ఆ ఏడాది బంగారం ధర బాగా పెరిగింది. దాని షేర్‌హోల్డర్లకి ఆ పెరుగుదల ఎందుకూ పనికిరాలేదు.

సగటు తగ్గించుకోవడం గురించి నా మాట సూటిగా చెప్తాను. మీరు కొన్న ధర ఎంతో ఆ కొండకి తెలియదు. ధర సగానికి పడటం అనేది ఇంకా కొనడానికి కారణం కాదు, ఈ రోజు మీ చేతిలో ఒక్క షేరు కూడా లేకపోతే ఈ కంపెనీని ఈ ధరకి కొనేవారా అన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే పైన చెప్పిన కాగితాలు చదివి ఉండాలి. మీ స్నేహితుడు చదివారా? ఆయన మంచికోరే చెప్పి ఉంటారు, కానీ ఆ సలహాకి ఆధారం ఏదైనా న్యూస్‌లెటరో, వీడియోనో అయితే కింద చిన్న అక్షరాల్లో కంపెనీ దానికి డబ్బు చెల్లించిందేమో చూడమనండి.

ఇంకో మాట, పొదుపులో పదో వంతు ఒక్క చిన్న కంపెనీలో ఉండటం నాకు చాలా ఎక్కువ అనిపిస్తోంది. ఇలాంటి షేర్లన్నీ కలిపినా మొత్తంలో రెండు మూడు శాతం దాటకుండా, అదీ పూర్తిగా పోయినా ఇంట్లో ఏ పనీ ఆగదు అనుకున్న డబ్బుతో మాత్రమే ఉండాలని నా అభిప్రాయం. కాబట్టి కొంత తగ్గించుకోండి, కానీ కంగారుగా ఒకేసారి మార్కెట్ ఆర్డర్ (ఎంత ధర వస్తే అంతకి అమ్మేయమనే ఆర్డర్) పెట్టకండి. ఈ షేర్లలో కొన్ని రోజులు లావాదేవీలే సరిగ్గా ఉండవు, కొనేవాడి ధరకీ అమ్మేవాడి ధరకీ మధ్య చాలా తేడా ఉంటుంది, మీ అమ్మకమే ధరని పడేస్తుంది. ఇంత ధర కంటే తక్కువకి అమ్మొద్దనే లిమిట్ ఆర్డర్లు పెట్టి విడతలుగా అమ్మండి, కొన్ని వారాలు పట్టినా పర్వాలేదు. ఆలోగా కంపెనీ దగ్గర ఎంత నగదు ఉంది, మూడు నెలలకి ఎంత ఖర్చవుతోంది, వారంట్లు, ఆప్షన్లు కలిపి మొత్తం షేర్లు ఎన్ని, ఈ మూడు అంకెలు రాసి పంపండి. మిగిలిన ముక్క ఉంచుకోవాలా వద్దా అన్నది వాటిని చూసి చెప్తాను.